సామెత పుట్టుక రాయడం, సొంతంగా అచ్చు వేయడం, పాఠకుడికి చేర్చడం

(విజయవాడలో కొత్త రచయితల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎండను లెక్కచేయకుండా వచ్చిన రచయితలకు, పాఠకులకు నమస్కారం.

సామెతలు, జాతీయాలు ఎలా పుట్టాయో చెప్పే పుస్తకాన్ని రాసి, సొంత ఖర్చుతో అచ్చు వేయించి, అమ్ముకోవడం ఎలాగో చెప్పమని నిర్వాహకులు నన్ను అడిగారు. చాలామంది వీటిని మూడు వేరువేరు పనులుగా చూస్తారు. రాయడానికి చదువు కావాలని, అచ్చుకు డబ్బు కావాలని, అమ్మకానికి నోరు కావాలని అనుకుంటారు. ఈ రకం పుస్తకానికి ఆ విభజన పనికిరాదని నా నమ్మకం. సామెత పుట్టుక గురించి రాసేటప్పుడు మీరు పడిన జాగ్రత్తే రేపు పుస్తకాన్ని అమ్మిపెడుతుంది. అక్కడ చూపిన నిర్లక్ష్యమే దాన్ని అటకెక్కిస్తుంది. కథల సంపుటి కొనేవాడికి అందులో ఏముందో ముందు తెలియదు. సామెతల పుస్తకం చేతిలోకి తీసుకునే ప్రతి ఒక్కరికీ మాత్రం అందులోని విషయం ఎంతో కొంత తెలుసు; నాయనమ్మ చెప్పిన కథో, బడిలో మాస్టారు చెప్పిన అర్థమో వాళ్ల దగ్గర ఉంటుంది. వాళ్లు పుస్తకం తెరిచి మొదట వెతికేది తమకు తెలిసిన సామెతనే. అక్కడ మీరు తేలిపోతే, పుస్తకాన్ని మర్యాదగా మూసి బల్ల మీద పెట్టి వెళ్లిపోతారు.

సొంత ప్రచురణ అనగానే పెట్టుబడి పెట్టేవాడు లేడన్న సంగతి అందరికీ గుర్తొస్తుంది. ‘ఈ మాటకు ఆధారం ఏమిటి?’ అని రాతప్రతి మీద ఎర్ర గీత గీసే సంపాదకుడు కూడా లేడన్న సంగతి గుర్తు రావడం అరుదు. ఆ ఎర్ర గీత మనమే గీసుకోవాలి. కనుక ఈ రోజు నా మాటల్లో ఎక్కువ భాగం ఆధారం గురించే ఉంటుంది.

శల్య సారథ్యం, ఉత్తర కుమార ప్రగల్భాలు, సైంధవుడిలా అడ్డుపడటం వంటి మాటలకు ఆధారం చూపడం తేలిక. విరాట పర్వంలో ఉత్తరుడు అంతఃపురంలో బీరాలు పలికి, కౌరవ సేన కంటబడగానే రథం దిగి పరుగెత్తాడు. ద్రోణ పర్వంలో సైంధవుడు అభిమన్యుడి వెనుక పాండవులను పద్మవ్యూహంలోకి రానీయకుండా నిలువరించాడు. కర్ణ పర్వంలో శల్యుడు కర్ణుడి రథం తోలుతూనే అతని ధైర్యాన్ని పోగొట్టే మాటలు ఆడాడు. తెలుగు భారతంలో విరాట పర్వం మొదలు చివరి దాకా పదిహేను పర్వాలూ తిక్కనవే కనుక, పర్వం, ఆశ్వాసం, పద్య సంఖ్య ఇచ్చే వీలు మనకు ఉంది, ఇచ్చి తీరాలి కూడా. అయితే కథ ఎక్కడిదో చెప్పినంత మాత్రాన నానుడి ఎప్పటిదో చెప్పినట్టు కాదు. తిక్కన 13వ శతాబ్దివాడు కనుక ‘ఉత్తర కుమార ప్రగల్భాలు’ అన్న మాట కూడా ఆ శతాబ్దిదేనని రాయడం తొందరపాటు. జనానికి ఆ పాత్ర తెలిసింది పద్యం వల్లనో, హరికథ వల్లనో, తోలుబొమ్మలాట వల్లనో, ఆ తరువాత సినిమా వల్లనో కావచ్చు. కథ వయసు వేరు, మాట వయసు వేరు. ఈ తేడాను పుస్తకం మొదటి పేజీల్లోనే పాఠకుడికి చెప్పాలి.

గ్రంథాల్లో దొరకని సామెతలకు నిత్యజీవితంలోని వస్తువులు సాక్ష్యం పలుకుతాయి. ‘పదహారణాల తెలుగు’ అంటాం. రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలు, అంటే రూపాయికి 192 పైలు. 1957 ఏప్రిల్ 1న రూపాయిని వంద నయాపైసలుగా మార్చడంతో ఆ లెక్క పోయింది, మాట మాత్రం నిలిచింది. ఇంకొంచెం వెనక్కి వెళితే, మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) 1818లో రూపాయి ప్రామాణిక నాణెం అయ్యేదాకా ప్రభుత్వ లెక్కలు వరహాల్లో, రూకల్లో, కాసుల్లో నడిచాయి. కాబట్టి మన కోస్తా జిల్లాల్లో ‘పదహారణాల’ అన్నది ‘సంపూర్ణమైన’ అనే అర్థంలో స్థిరపడింది 1818 తరువాతే కావచ్చని ఊహించవచ్చు. ఊహ అన్న మాటను నేను కావాలనే అంటున్నాను. అచ్చులో కూడా ఆ మాట ఉండాలి. ‘చిల్లిగవ్వ లేదు’ అన్నప్పుడు గవ్వలు డబ్బుగా చెల్లిన కాలం, ‘పుట్టెడు దుఃఖం’ అన్నప్పుడు ఇరవై తూముల ధాన్యపు కొలత, ‘పావలా కోడికి ముప్పావలా మసాలా’ అన్నప్పుడు 2011 జూన్ ఆఖరుతో చెల్లకుండా పోయిన పావలా మన కళ్లముందుకు వస్తాయి. ఇరవై ఏళ్ల పాఠకుడికి తూము తెలియదు, పావలాను చేతిలో పట్టుకున్న జ్ఞాపకం ఉండదు. అతనికి ఈ పుస్తకం నిజంగా అవసరం. అతన్ని దృష్టిలో పెట్టుకుని కొలతలకు, నాణేలకు చివర ఒక పట్టిక ఇవ్వండి. పట్టిక ఇచ్చేటప్పుడు కొలతలు సీమకొక తీరుగా ఉండేవన్న సంగతి మరవకండి. మీ పట్టిక ఏ ప్రాంతానిదో దాని నెత్తి మీదే రాయండి.

పెద్దల నోటి నుంచి కాలం సేకరించేటప్పుడు మరో చిక్కు ఉంటుంది. వాళ్లు సంవత్సరాల పేర్లతో చెబుతారు. గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చిపెట్టిన 1832-33 నాటి క్షామాన్ని నందన కరువని, డొక్కల కరువని అన్నారు. నందన మళ్లీ 1892లో, 1952లో, 2012లో వచ్చింది. ‘నందన’ అని విన్నంత మాత్రాన ఏ నందనో తేలదు. చెప్పినవారి తాతల తరం, ఆ కుటుంబం వలస వచ్చిన కాలం అడిగి సరిచూసుకోవాలి. ‘కరువులో అధిక మాసం’ వంటి సామెత వెనుక ఉన్న భయం ఇలాంటి సంభాషణల్లోనే అర్థమవుతుంది. పంట చేతికి రావడానికి ఇంకో నెల ఆగవలసి రావడం గాదె ఖాళీ అయిన ఇంటికి ఎలాంటిదో నిఘంటువు చెప్పలేదు.

ఇక మన ఇంటి పక్కనే ఉన్న ఒక సామెత దగ్గర కొంచెం సేపు ఆగుతాను. ఎంతకీ తెమలని వరుసను, ఎప్పటికీ పూర్తికాని జాబితాను ‘కొండవీటి చేంతాడు’ అంటాం. చాంతాడు అనేవారూ ఉన్నారు. కొండవీటి దుర్గంలో బావులు చాలా లోతని, నీళ్లు తోడే తాడు అంత పొడవు ఉండవలసి వచ్చేదని, అందువల్ల ఈ మాట పుట్టిందని పది చోట్ల పది మంది చెబుతారు. వినడానికి నిండుగా ఉంది కనుక ఎవరూ మరో ప్రశ్న వేయరు. ఇప్పుడు ఘాట్ రోడ్డు ఉంది కనుక, గుంటూరు నుంచి చిలకలూరిపేట దారిలో వెళ్లి కొండ ఎక్కి చూడండి. రెడ్డి రాజుల రాజధానిగా వెలిగిన ఆ దుర్గం మీద కోట గోడలతో పాటు చెరువులు కనిపిస్తాయి. చెరువులు ఉన్న కొండ మీద నీటికి లోతు బావులే దిక్కయ్యాయా? సామెతలోని బావి కొండ మీదిదా, కొండ కింది ఊరిదా? కొండవీడు అంటే కోట మాత్రమేనా, ఆ పేరుతో నడిచిన సీమ అంతానా? పల్నాటి మెరక నేలల్లో బావులు లోతుగా తవ్వవలసి రావడం, కృష్ణ ఒడ్డు వారికి ఆ పొడవైన తాడు వింతగా కనబడటం కూడా కారణం కావచ్చు. ఈ ప్రశ్నలన్నీ రాసి, ప్రచారంలో ఉన్న కథను చెప్పి, ఏది మీకు ఎక్కువ నమ్మదగినదిగా తోచిందో, ఎందుకు తోచిందో రాస్తే అది ఒకటిన్నర పేజీ అవుతుంది. ఆ ఒకటిన్నర పేజీ కోసం పాఠకుడు డబ్బిస్తాడు. ‘బావులు లోతు కనుక తాడు పొడవు’ అన్న ఒక్క వాక్యం అతనికి ఫోనులో ఊరికే దొరుకుతుంది.

కథ తప్ప వేరే ఆధారమే లేని సామెతలు కూడా ఎన్నో ఉన్నాయి. ‘పప్పులో కాలు వేయడం’, ‘రామాయణంలో పిడకల వేట’ వంటి వాటికి ఊరికొక కథ ఉంటుంది. సామెత ముందు పుట్టి, దానికి అతికేలా కథ తరువాత అల్లుకోవడం లోక సహజం. అలాంటి కథల్లో చాలా వరకు చివరికి తెనాలి రామలింగడి దగ్గరికో, శ్రీనాథుడి దగ్గరికో చేరతాయి, ఎందుకంటే జనానికి తెలిసిన పేరు పెడితే కథ నిలబడుతుంది. ఈ కథలను వదిలేయమని నేను అనను. అవి అందమైనవి, మన జనం ఊహాశక్తికి గుర్తులు. ‘ఇది చెప్పుకునే కథ’ అని పైన రాసి, ఎవరి నోట, ఏ ఊళ్లో విన్నారో రాసి, హాయిగా చెప్పండి.

ఒక మాట కనీసం ఎప్పటి నుంచి వాడుకలో ఉందో తేల్చడానికి పాత ముద్రణలు సాయపడతాయి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. కెప్టెన్ కార్ సేకరించిన తెలుగు సామెతల సంపుటి 1868లో మద్రాసులో అచ్చయింది. అందులో రెండు వేలకు పైగా సామెతలు ఉన్నాయి. ఈ రెండింటి స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. మీ సామెత కార్ సంపుటిలో ఉంటే 1868 నాటికే అది జనం నోట ఉందని ధైర్యంగా రాయవచ్చు. లేకపోతే అప్పటికి పుట్టలేదని మాత్రం రాయకూడదు, ఆయన చెవిన పడలేదేమో. సామెత ఎవరి సొత్తూ కాదు కానీ, దానికి ఇంకొకరు రాసిన వివరణ వారి సొత్తే. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. వాట్సాప్‌లో పేరు లేకుండా తిరుగుతున్నంత మాత్రాన ఆ వివరణ అనాథ కాదు.

కులాలను, ఆడవారిని, అంగవైకల్యం ఉన్నవారిని కించపరిచే సామెతలను ఏం చేయాలన్న ప్రశ్న తప్పదు. వాటిని లేనట్టు నటిస్తే చరిత్రకు అన్యాయం, చమత్కారంగా అలంకరిస్తే మనుషులకు అన్యాయం. ఆ మాటను ఎవరు ఎవరి మీద వాడారు, ఎందుకు వాడగలిగారు అన్నది వివరించగలిగితేనే పుస్తకంలో చేర్చాలని నా అభిప్రాయం. వివరించే శక్తి లేనప్పుడు విడిచిపెట్టడమే మేలు. అట్ట మీద, కరపత్రం మీద, ప్రచార వీడియోలో అలాంటి సామెత ఒక్కటి కూడా కనిపించకూడదు. అక్కడ వివరణకు చోటు ఉండదు, గాయం మాత్రమే మిగులుతుంది.

అచ్చు పని దగ్గరికి వస్తాను. ఈ ఊళ్లో ప్రెస్సులకు కొదవ లేదు కనుక దీన్ని కొంచెం త్వరగా దాటుతాను, ఒక్క విషయం తప్ప. మీరు ఫోనులోనో కంప్యూటర్‌లోనో యూనికోడ్‌లో రాస్తారు. చాలా డీటీపీ కేంద్రాల్లో ఇప్పటికీ యూనికోడ్ కాని ‘అను’ అనే ఫాంట్లతో పేజీలు కడతారు. ఒకదాని నుంచి మరోదానికి మార్చేటప్పుడు అక్షరాలు దెబ్బతింటాయి. పొల్లు తరువాత విడిగా ఉండవలసిన అక్షరం వత్తుగా దిగిపోతుంది, ర వత్తు పక్క అక్షరానికి అంటుకుంటుంది, అంకెలు, కొటేషన్ గుర్తులు తారుమారవుతాయి. నవలలో ఒక అక్షరం పోతే పాఠకుడు సర్దుకుని చదువుతాడు. సామెతల పుస్తకంలో మాటే వస్తువు కనుక పాత నాణెం ‘కాణీ’ కాస్తా ‘కానీ’ అయితే వివరణ మొత్తం కూలిపోతుంది. కాబట్టి మార్పిడి అయిన తరువాత కాగితం మీద ప్రూఫు తీయించి, ఒకరు గట్టిగా చదువుతుంటే మరొకరు మూల ప్రతితో పోల్చి చూడండి. ముఖచిత్రానికి పెట్టదలచిన డబ్బులో కొంత తగ్గించి అయినా మంచి ప్రూఫ్ రీడర్‌కు ఇవ్వండి. అకారాది సూచికను పేజీలు పూర్తిగా ఖాయమయ్యాకే కట్టించండి.

ప్రెస్సులో ఒకేసారి అచ్చయ్యే పెద్ద కాగితాన్ని ఫారం అంటారు. మామూలు పుస్తకాల డెమీ సైజులో ఫారానికి 16 పేజీలు. పన్నెండు ఫారాలకు 192 పేజీలు, పదమూడుకు 208. మీ పుస్తకం 195 దగ్గర ఆగితే మూడు పేజీల కోసం ఇంకో ఫారం వేయవలసి వస్తుంది కనుక, ఆ మూడు తగ్గించడమో, ఇంకో పది సామెతలు చేర్చడమో ముందే ఆలోచించుకోవాలి. కాగితం చదరపు మీటరుకు 70 గ్రాములు తూగే, అంటే 70 జీఎస్‌ఎం మాప్‌లిథో చాలు. ఈ పుస్తకాన్ని జనం పదేపదే తిరగేస్తారు కనుక బైండింగు మాత్రం కుట్టు వేయించండి. తొలి ముద్రణ కొద్ది వందలే అయితే డిజిటల్, వెయ్యి దగ్గరైతే ఆఫ్‌సెట్ గిట్టుబాటు. పుస్తకపు అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్‌ను కేంద్ర ప్రభుత్వ పరిధిలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ రచయితకు నేరుగా, ఉచితంగా ఇస్తుంది. మధ్యవర్తికి డబ్బు కట్టవలసిన అవసరం లేదు. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల్లోపు కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చట్టంలో చెప్పిన మరో మూడు గ్రంథాలయాలకు ప్రతులు పంపాలి. సొంతంగా వేసుకునేవారు దీన్ని తరచు మరచిపోతారు. వందేళ్ల తరువాత మీ పుస్తకం ఎక్కడో ఒకచోట తప్పక దొరకాలంటే ఆ నాలుగు పార్సిళ్లు ఇప్పుడే పంపాలి.

వెల నిర్ణయించే దగ్గర మొహమాటం వద్దు. ఒక్కో ప్రతికి 80 రూపాయల ఖర్చు పడిందనుకుందాం. వెల 150 పెట్టి దుకాణానికి 40 శాతం ఇస్తే 60 పోయి 90 మిగులుతుంది, ఖర్చు పోను పది. ఆ పది రూపాయల్లోంచే ఆటో ఖర్చు, సమీక్షకు పంపిన ప్రతులు, రవాణాలో నలిగిన ప్రతులు భరించాలి. అదే 240 పెడితే 96 పోయి 144 మిగులుతుంది, మలి ముద్రణకు ఆధారం దొరుకుతుంది. పోస్టులో పంపడానికి 2025 మే 1 నుంచి తపాలా శాఖ జ్ఞాన్ పోస్ట్ నడుపుతోంది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, ఐదు కిలోల దాకా 100 రూపాయలు, పన్ను అదనం. పుస్తకం మీద ముద్రాపకుడి పేరో ప్రచురణకర్త పేరో అచ్చయి ఉండాలన్నది అందులో నియమం. సొంత ప్రచురణే అయినా ఆ చోటు ఖాళీగా వదలకండి.

ప్రచారంలో నేను గట్టిగా చెప్పదలచినది ఒకటే. మీ ఫొటో కంటే సామెతను ముందు పెట్టండి. ఆవిష్కరణ సభకు ఫ్లెక్సీలు, శాలువాలు, జ్ఞాపికలు కలిసి ఒక్కోసారి అచ్చు ఖర్చులో సగం తినేస్తాయి. ఆ సభలో గుమ్మం దగ్గర చిల్లరతో, క్యూఆర్ కోడ్‌తో ఒక మనిషిని కూర్చోబెట్టడం మాత్రం మరచిపోతారు. వచ్చినవారు వక్తల మాటలు విని, పుస్తకం కొనాలన్న కోరికతో లేచి, ఎవరిని అడగాలో తెలియక ఇంటికి వెళ్లిపోవడం నేను చూశాను. జనవరిలో మన పుస్తక మహోత్సవానికి స్టాలు ఒక్కరే తీసుకోవడం భారం కనుక నలుగురు రచయితలు కలవండి. బల్ల ముందు నల్ల బోర్డు మీద ‘కొండవీటి చేంతాడు అంత పొడవెందుకు?’ అని ఒక్క ప్రశ్న రాసి పెట్టండి. ఆగినవారు జవాబు చెబుతారు. వారి జవాబు రాయడానికి ఒక మందపాటి నోటు పుస్తకం బల్ల మీద ఉంచండి. సామెత, చెప్పినవారి ఊరు, ఎవరి నోట విన్నారు, ఏ సందర్భంలో వాడతారు అన్న నాలుగు గళ్లు చాలు. తన మాట శ్రద్ధగా రాసుకున్న రచయిత పుస్తకాన్ని మనిషి కొనకుండా వెళ్లడం అరుదు, కొనకపోయినా మనకు ఒక సామెత దక్కుతుంది. అనుమతి తీసుకుని మలి ముద్రణలో వారి పేరు వేస్తే, ఆ ఊళ్లో మీ పుస్తకానికి ఒక మనిషి నిలబడినట్టే.

ఏడాది పొడుగునా తలుపులు తెరిచి ఉండే రోజులు మరికొన్ని ఉన్నాయి. గిడుగు రామమూర్తి గారి జయంతి ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం, నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఆ రోజుల్లో బడులు, గ్రంథాలయాలు మాట్లాడేవారి కోసం వెతుకుతాయి. రెండు నెలల ముందే ఉత్తరం రాసి, పది సామెతల మీద పిల్లలతో నలభై నిమిషాలు మాట్లాడతానని చెప్పండి. డీఎస్సీ, టెట్ పరీక్షలకు చదివేవారికి జాతీయాలు అవసరం కనుక గుంటూరు, విజయవాడ కోచింగ్ కేంద్రాల దగ్గరి దుకాణాల్లో ప్రతులు ఉంచండి. వారి కోసం పుస్తకాన్ని గైడుగా మార్చవద్దు. వాట్సాప్‌లో రోజుకొక సామెత పంపడం మంచిదే, అయితే మీ పేరును, పుస్తకం పేరును బొమ్మలోనే కలిపి పంపకపోతే మూడో గుంపు చేరేసరికి అది ఎవరిదో తెలియకుండా పోతుంది.

ఎవరైనా లేచి మీ వివరణ తప్పంటే వాదానికి దిగకండి. వారి ఆధారం అడిగి, అది ఏ రకందో చూసి, నోటు పుస్తకంలో రాసుకోండి. సరైనదని తేలితే మలి ముద్రణ దాకా ఆగకుండా ఒక చిన్న సవరణ చీటీ అచ్చు వేయించి మిగిలిన ప్రతుల్లో పెట్టండి. ఈ రకం పుస్తకానికి అలాంటి చీటీ వల్ల పరువు పెరుగుతుంది.

మీలో కొందరు రాతప్రతులు తెచ్చారని నిర్వాహకులు చెప్పారు. ఒక్కొక్కరి నుంచి ఒక్కో సామెత తీసుకుని, దాని కింద మీరు చూపిన ఆధారం గ్రంథమా, వస్తువా, వట్టి కథా అన్నది ఇప్పుడు కలిసి చూద్దాం.